గురువు పోలిక రాని శిష్యులు



ఈ ధర్మనిధి ఉపన్యాసానికి పిలుస్తూ నిర్వాహకులు నాకొక షరతు పెట్టారు. నిధి ఎవరి పేరు మీద ఉందో ఆ మాస్టారి గురించి మాట్లాడకూడదట. పాత విద్యార్థులు చందాలు పోగుచేసి ఆయన దగ్గరికి వెళితే, "నన్ను పొగిడించడానికైతే వద్దు, ఇంకెవరి గురించైనా చెప్పించండి" అన్నారట. ఆ ఒక్క మాటా చెప్పి ఆయన్ని వదిలేస్తున్నాను. మిగతా సమయమంతా వేరే మాస్టార్ల గురించే. వాళ్లలో ఎక్కువమంది రాజమండ్రి, కాకినాడ కాలేజీల వాళ్లు, నూరేళ్ల కిందటి వాళ్లు.

పాఠం చెప్పేవాడి స్వభావం విద్యార్థి మీద ఎలా పనిచేస్తుందన్నది ఇవాళ్టి విషయం. మంచి గురువు దొరికితే శిష్యుడు గురువంతటివాడవుతాడని మనం తేలిగ్గా అనేస్తాం. శాలువా కప్పే సభల్లో ఈ మాట తప్పకుండా వినిపిస్తుంది. నేను చదివినంతలో అలా జరగడం అరుదు. బలమైన మనిషి దగ్గర చదువుకున్నవాళ్లలో పేరు మిగుల్చుకున్నవాళ్లు చాలామంది ఆ మనిషి ఊహించని దారిన పోయారు. కొందరు ఆయన ఒప్పుకోని దారినే పోయారు. అయినా ఆయన దగ్గర చదవకపోతే ఆ దారి వాళ్లకు దొరికేది కాదు. ఇది ఎలా సాధ్యమైందన్నదే నా కుతూహలం. ఏకలవ్యుడి బొటనవేలు ఇలాంటి ప్రతి సభలోనూ ఒకసారి తెగుతుంది కాబట్టి, ఇవాళ్టికి దాన్ని అలాగే ఉండనిద్దాం.

రాజమండ్రి ప్రభుత్వ కళాశాలతో మొదలుపెడతాను. అక్కడ కందుకూరి వీరేశలింగం పంతులు గారు రెండు దశాబ్దాలకు పైగా తెలుగు పండితులు. తెలుగు పండితుడి ఉద్యోగమంటే ఆ రోజుల్లో ఏమిటో మీకు తెలుసు. ఇంగ్లీషు చెప్పే దొరకూ, లెక్కలు చెప్పే ఎం.ఏ.కూ ఉన్న గౌరవం ఆయనకు లేదు, జీతమూ లేదు. విద్యార్థి భవిష్యత్తును నిర్ణయించే అధికారం అసలే లేదు. అలాంటి మాస్టారు 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో మొదటి వితంతు వివాహం జరిపించినప్పుడు, ఊరు ఊరంతా ఒకవైపు నిలిస్తే, కాలేజీ కుర్రవాళ్లు ఆయన వెంట నిలిచారు. వాళ్లలో చాలామంది ఆ ఊరి సనాతన కుటుంబాల పిల్లలే. ఇంటికి వెళితే తండ్రి ఏమంటాడో, వెలి వేస్తే అక్కచెల్లెళ్ల పెళ్లిళ్లు ఏమవుతాయో తెలియని వయసేమీ కాదు.

ఆయన క్లాసులో చెప్పింది వ్యాకరణం, ప్రబంధం. పెళ్లి సిలబస్‌లో లేదు. ఆ కుర్రవాళ్లను కదిలించింది ఆయన వాదన ఒక్కటే అయితే, అదే వాదన పత్రికలో చదివిన ఊరి పెద్దలు కూడా కదలాలి కదా. పెద్దలు చదివింది వ్యాసం. కుర్రవాళ్లు రోజూ చూసింది మనిషిని. రాసిన మాటకూ నడిచే నడతకూ తేడా ఉందా లేదా అని కనిపెట్టడానికి విద్యార్థికి దొరికినంత తీరిక ఇంకెవరికీ దొరకదు. గంటసేపు ఎదురుగా కూర్చుని ఒకే మనిషిని చూడడం తప్ప అతనికి వేరే పని ఉండదు. ఈ సంగతి పాఠం చెప్పేవాళ్లం తరచూ మరిచిపోతాం. మనం వాళ్లను చూస్తున్నామనే అనుకుంటాం.

అదే ఊళ్లో పాతికేళ్ల తరవాత ఇంకో రకం ప్రభావం చూడండి. 1907 ఏప్రిల్‌లో బిపిన్ చంద్రపాల్ రాజమండ్రి వచ్చి ఉపన్యాసాలిచ్చాడు. చిలకమర్తి లక్ష్మీనరసింహం గారు వాటిని తెలుగులో చెప్పారు. మరునాటి నుంచి విద్యార్థులు వందేమాతరం బ్యాడ్జీలు పెట్టుకుని క్లాసులకు వచ్చారు. ప్రిన్సిపాల్ మార్క్ హంటర్‌కు అది క్రమశిక్షణ సమస్యగా కనబడింది. శిక్షలు పడ్డాయి. ఉపాధ్యాయ శిక్షణ పొందుతున్న గాడిచర్ల హరిసర్వోత్తమరావు చదువు అక్కడితో ఆగింది. ప్రభుత్వోద్యోగానికి అర్హుడు కాదన్నారు. మరుసటి ఏడాదికల్లా ఆయన బెజవాడలో 'స్వరాజ్య' పత్రిక నడుపుతూ, ఒక సంపాదకీయానికి రాజద్రోహ నేరం మీద జైలుకు వెళ్లాడు. తరవాతి కాలంలో గ్రంథాలయోద్యమానికీ వయోజన విద్యకూ జీవితం పెట్టాడు. ప్రభుత్వ బడిలో ఉపాధ్యాయుడు కానివ్వకుండా ఆపిన మనిషి, బడికి పోని లక్షలమందికి చదువు చెప్పే పనిలో పడ్డాడు. హంటర్‌ను ఇందుకు మెచ్చుకోవాలా అని మీరు అడగవచ్చు. అక్కర్లేదు. ఆ వేటు పడి లేవలేకపోయిన కుర్రవాళ్ల పేర్లు చరిత్ర పుస్తకాల్లో ఉండవు. గాడిచర్ల ఒక్కడే మనకు కనిపిస్తున్నాడు కాబట్టి కథ బాగుంది.

ఆ గొడవ జరిగిన రెండేళ్లకు, 1909లో, ఆ ఊరికి ఇంకో ఇంగ్లీషు దొర వచ్చాడు. పేరు ఆస్వాల్డ్ కూల్డ్రే. ఆక్స్‌ఫర్డులో చదువుకున్నవాడు, అప్పటికి ఇరవై ఏడేళ్లవాడు. ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాలుగా పనిచేసి 1919లో వెళ్లిపోయాడు. నా దృష్టిలో తెలుగు నేల మీద పనిచేసిన అధ్యాపకుల్లో ఇతని కథ అంత విచిత్రమైనది ఇంకొకటి లేదు, అందుకే ఇక్కడ కాస్త ఆగుతాను.

కూల్డ్రే ఉద్యోగం ఇంగ్లీషు సాహిత్యం చెప్పడం, కాలేజీ నడపడం. మనసు మాత్రం బొమ్మల మీద, కవిత్వం మీద. నీటిరంగులతో గోదావరినీ, ఒడ్డునున్న జనాన్నీ వేసుకునేవాడు. ఇలాంటి సరదా ఉన్న దొరలు దేశమంతటా ఉన్నారు. చాలామంది బొమ్మలు వేసుకుని, ఇంటికి పట్టుకెళ్లి గోడకు తగిలించుకున్నారు. ఇతను మాత్రం తనకు ఇష్టమైన పని తన విద్యార్థుల చేతుల్లో ఎలా ఉంటుందో చూడాలనుకున్నాడు. బొమ్మలు వేసే, కవిత్వం రాసే కుర్రవాళ్లను దగ్గరికి తీశాడు. అడివి బాపిరాజు, కవికొండల వెంకటరావు, దామెర్ల రామారావు అలా అతని చుట్టూ చేరినవాళ్లు. వాళ్లను వెంటబెట్టుకుని అజంతా, ఎల్లోరా చూపించాడు.

ఆ ప్రయాణాన్ని ఒకసారి ఊహించండి. పాలించే జాతివాడు, పై అధికారి, పాలితుల పిల్లలకు వాళ్ల తాతముత్తాతల గోడ బొమ్మలు చూపించడానికి రైలెక్కించాడు. ఆ కుర్రవాళ్లు పుట్టి పెరిగిన ఇళ్లలో బొమ్మలు గీయడం చదువు చెడగొట్టుకునే పని. మెట్రిక్యులేషను, ఎఫ్.ఏ., బి.ఏ., ఆపైన ప్లీడరీయో తాసీల్దారీయో, అదీ దారి. ప్రిన్సిపాల్ దొరే బొమ్మ గీసేవాణ్ని గౌరవిస్తున్నాడంటే ఇంట్లో పెద్దవాళ్ల నోరు కాస్త తగ్గుతుంది. దొర పట్ల ఉన్న భయాన్ని అతను మంచి పనికి వాడుకున్నాడని నేను అనుకుంటాను. అధికారం చేతిలో ఉన్న అధ్యాపకుడు చేయగల పెద్ద ఉపకారం ఒక్కోసారి ఇంతే. ఇంటివాళ్ల ఎదుట కుర్రవాడికి వాదించే అవసరం తప్పించడం.

1897లో పుట్టిన దామెర్లను అతను 1916లో బొంబాయి జె.జె. స్కూల్ ఆఫ్ ఆర్ట్‌కు పంపే దాకా ఊరుకోలేదు. దామెర్ల చదువు ముగించుకుని వచ్చి రాజమండ్రిలోనే స్థిరపడి, చిత్రకళా పాఠశాల పెట్టి, తన చుట్టూ ఇంకో తరాన్ని చేర్చుకున్నాడు. 1925 ఫిబ్రవరిలో మశూచి సోకి పోయాడు. ఇరవై ఎనిమిదేళ్లు నిండలేదు. పాఠశాలను వరదా వెంకటరత్నం వంటి సహచరులు నిలబెట్టుకొచ్చారు. ఆయన బొమ్మలు ఇవాళ రాజమండ్రిలో ఆయన పేరిట ఉన్న చిత్రశాలలో చూడవచ్చు. చూడనివాళ్లు తప్పకుండా చూడండి. నేను చెప్పదలచుకున్నది అక్కడ గోడల మీదే ఉంది. ఆ స్త్రీల నిలుపులో, మెడ వంపులో, వాళ్లు పూలు ముడుచుకునే తీరులో ఒక ఇంగ్లీషు నీటిరంగుల మాస్టారి చేయి నాకెక్కడా కనబడలేదు. కుర్రవాడికి చూపు ఇచ్చినవాడు తన చూపు ఇవ్వలేదు.

బాపిరాజు సంగతీ అంతే. ఆయన బొమ్మలు వేశాడు, పాటలు రాశాడు, నవలలు రాశాడు, సినిమాలకు కళాదర్శకత్వం చేశాడు, హైదరాబాదులో 'మీజాన్' పత్రిక నడిపాడు. చిత్రలేఖనం బందరు ఆంధ్ర జాతీయ కళాశాలలో ప్రమోద కుమార చటర్జీ దగ్గర నేర్చుకుని, తరవాత అదే కళాశాలకు ప్రిన్సిపాల్ అయ్యాడు. ఇంగ్లీషువాడి శిష్యుడు ఇంగ్లీషు ప్రభుత్వాన్ని కాదని కట్టుకున్న కళాశాలకు పెద్ద అయ్యాడన్నమాట. కూల్డ్రే అప్పటికి ఎప్పుడో ఇంగ్లండు చేరాడు. వినికిడి తగ్గిపోతుండడంతో ఉద్యోగం వదులుకుని వెళ్లాడు. దక్షిణాదిలో గడిపిన కాలం గురించి 1924లో ఒక పుస్తకం వేశాడు.

రాజమండ్రి నుంచి కాకినాడ ఎంతో దూరం లేదు. కానీ మనుషుల స్వభావం చూస్తే, కూల్డ్రే నుంచి రఘుపతి వెంకటరత్నం నాయుడు గారి దగ్గరికి రావడమంటే సముద్రం దాటడమే. పిఠాపురం రాజా కళాశాలకు ఆయన 1904 నుంచి 1919 దాకా ప్రిన్సిపాల్. బ్రహ్మసమాజికులు. భార్య చిన్న వయసులోనే పోతే మళ్లీ పెళ్లి చేసుకోలేదు. ఆపైన జీవితమంతా తెల్లబట్టలే. నాట్యమేళాలను ఊరేగింపుల నుంచీ పెళ్లిపందిళ్ల నుంచీ తీసేయాలని ఉద్యమం నడిపారు. మద్యం, భోగం, అబద్ధం ఈ మూడింటి మీదా రాజీ లేని యుద్ధం. అనాథ పిల్లలను, అంటరానివాళ్లని ఊరు దూరం పెట్టిన పిల్లలను చేరదీసి చదివించారు. ఆడపిల్లలకు కాలేజీలో చోటిచ్చారు. ఇంగ్లీషులో ఉపన్యసిస్తే జనం కదలకుండా వినేవారు. 1924లో సర్ బిరుదు వచ్చింది, మరుసటి ఏడాది మద్రాసు విశ్వవిద్యాలయానికి వైస్ ఛాన్సలర్ అయ్యారు.

ఇంత స్వచ్ఛత ఎదురుగా నిలబడితే కుర్రవాడికి ఊపిరాడుతుందా? నాకు మొదటి నుంచీ ఈ అనుమానం ఉంది. ఇలాంటి మాస్టారి క్లాసులో రెండు రకాలవాళ్లు తయారవుతారని మామూలుగా అనుకుంటాం. నఖశిఖ పర్యంతం ఆయన్ని అనుకరించేవాళ్లు కొందరు, వరండా దాటగానే చుట్ట వెలిగించేవాళ్లు కొందరు. ఇద్దరూ ఉండే ఉంటారు. కానీ ఆ కళాశాల నుంచి వచ్చినవాళ్లలో గుడిపాటి వెంకటచలం ఒకడు, దేవులపల్లి కృష్ణశాస్త్రి ఒకడు.

మనసులో పక్కపక్కన పెట్టి చూడండి. పవిత్రత ఉద్యమ నాయకుడు, 'మైదానం' రాసిన మనిషి. నాయుడు గారి ప్రభావంతోనే చలం బ్రహ్మసమాజానికి దగ్గరయ్యాడు. తరవాత ఆ సమాజం కూడా అతని రాతలను భరించలేకపోయింది. నాయుడు గారి బోధ ప్రకారం చూస్తే చలం చెడిపోయిన శిష్యుడే. కానీ చలం చేసినదేమిటి? తను నమ్మినదాన్ని ఇంట్లో ఒకలా, వీధిలో ఒకలా చేయనన్నాడు. లోకం ఏమనుకుంటుందన్న ప్రశ్నను పక్కకు తోశాడు. ఆ మొండితనం కాకినాడ చదువులో దొరికిందేనని నా అభిప్రాయం. గురువు దాన్ని నిగ్రహానికి వాడుకున్నారు, శిష్యుడు స్త్రీకి స్వేచ్ఛ కావాలనడానికి వాడుకున్నాడు. కులం పట్టింపులు వదిలేయడంలో మాత్రం ఇద్దరూ ఒకే దారి.

కృష్ణశాస్త్రి కథ మరో విధం. కాకినాడ బ్రహ్మసమాజ వాతావరణం ఆయనకు ప్రార్థన పాటనిచ్చింది. అందులోంచి ఆయన తన విరహాన్ని, తన స్వేచ్ఛను తీసుకున్నాడు. నాయుడు గారు విన్నది దేవుడి పాట, కుర్రవాడు అందులో విన్నది పాట. ఎవరికి ఏది వినిపిస్తుందో మాస్టారి చేతిలో లేదు.

నాయుడు గారు అంతకుముందు బందరు నోబుల్ కళాశాలలో పనిచేసిన రోజుల్లోనూ ఇదే చిత్రం. ముట్నూరి కృష్ణారావు, పట్టాభి సీతారామయ్య, కోపల్లె హనుమంతరావు ఆయన విద్యార్థులు. బ్రిటిష్ ప్రభుత్వం ఇచ్చిన సర్ బిరుదును స్వీకరించిన మాస్టారి శిష్యులు అదే ప్రభుత్వాన్ని వెళ్లగొట్టే పనికి దిగారు. 'కృష్ణాపత్రిక' ఒకరు, కాంగ్రెసు చరిత్ర ఒకరు, జాతీయ కళాశాల ఒకరు.

దీనికి అచ్చంగా సరిపోయే ఉదాహరణ మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో ఉంది. వెంకటరత్నం నాయుడు గారు చదువుకున్నదీ అక్కడే. కట్టమంచి రామలింగారెడ్డి గారూ ఆ కాలేజీవారే. సర్వేపల్లి రాధాకృష్ణన్‌కు అక్కడ తత్వశాస్త్రం చెప్పినవారిలో ఎ.జి. హాగ్ ఒకరు. క్రైస్తవ మిషనరీ. వేదాంతంలో నీతికి చోటు లేదన్నది ఆ రోజుల్లో మిషనరీల విమర్శ. తన ఇంటి మతం మీద రోజూ క్లాసులో పడే ఆ దెబ్బకు కుర్రవాడు తట్టుకోలేకపోయాడు, తగువు పెట్టుకోనూ లేదు. 1908లో ఎం.ఏ. కోసం రాసిన వ్యాసంలో వేదాంతంలో నీతి ఎలా ఉందో చూపించాడు. చదివి మెచ్చుకున్నవాడు హాగ్. శిష్యుడు తన వాదాన్ని ఖండించాడని కాగితం పక్కన పడేయలేదు. ఇంతటి మాస్టార్లు ఎక్కువగా ఉండరు. మన విశ్వవిద్యాలయాల్లో గైడ్ గారి పుస్తకాన్ని కాదన్న పరిశోధక విద్యార్థి ఎన్నేళ్లకు డాక్టరేటు తీసుకుంటాడో సభలో ఉన్న పరిశోధకులకు నాకన్నా బాగా తెలుసు. చప్పట్లు కొట్టకండి, గైడ్లు కూడా ఇక్కడే ఉన్నారు.

పాఠం చెప్పకుండానే విద్యార్థి జీవితాన్ని మార్చేవాళ్లూ ఉంటారు. ఉస్మానియాలో 1938లో వందేమాతరం పాడారని విద్యార్థులను వెళ్లగొట్టినప్పుడు, నాగపూరు విశ్వవిద్యాలయం వాళ్లను చేర్చుకుంది. వెళ్లినవాళ్లలో పి.వి. నరసింహారావు ఒకరు. ఒకచోట తలుపు మూసిన పెద్దమనిషి, ఇంకోచోట తెరిచిన పెద్దమనిషి, ఇద్దరూ విశ్వవిద్యాలయాలు నడిపినవాళ్లే. చెరొక సంతకం పెట్టడం తప్ప ఇద్దరూ చేసింది లేదు. ఎన్ని జీవితాలు ఆ సంతకాల మీద ఆధారపడ్డాయో చూడండి.

ఇప్పటిదాకా నేను చెప్పిన పేర్లలో ఆడవాళ్లు లేరని ముందు వరుసలోని అధ్యాపకురాళ్లు గమనించే ఉంటారు. నూరేళ్ల కిందటి కాలేజీ వరండా అలాంటిదే. తరవాతి కాలానికి వస్తే నాకు కోఠీ మహిళా కళాశాల గుర్తుకొస్తుంది. పాత బ్రిటిష్ రెసిడెన్సీ భవనంలో నడిచిన ఆ కాలేజీలో పాకాల యశోదారెడ్డి గారు తెలుగు ఆచార్యులు. పాలమూరు జిల్లా పల్లె నుంచి వచ్చి, తన ఊరివాళ్లు మాట్లాడే తీరులోనే కథలు రాసి 1973లో 'మా ఊరి ముచ్చట్లు' వేశారు. తన ఇంటి మాట నోట వస్తే నవ్వుతారేమోనని గొంతు తగ్గించుకుని కూర్చునే పల్లెటూరి అమ్మాయికి, ప్రొఫెసర్ గారే ఆ మాటతో పుస్తకం వేశారని తెలిస్తే ఎలా ఉంటుంది? ఆ అమ్మాయి రచయిత్రి కావాలని లేదు. క్లాసులో లేచి ఒక ప్రశ్న అడిగితే చాలు.

ఇందుకు ఎదురుగా ఉన్నదీ చెప్పాలి. తెలుగు మీడియం నుంచి వచ్చిన కుర్రవాడు మొదటి రోజున ఏదో ఒక ఇంగ్లీషు మాట తప్పు పలుకుతాడు. మాస్టారు నవ్వుతాడు. మాస్టారు నవ్వాడు కాబట్టి క్లాసంతా నవ్వుతుంది. ఆ మాస్టారు చెడ్డవాడై ఉండనక్కర్లేదు. సరదా మనిషి, పాఠం బాగా చెబుతాడన్న పేరు కూడా ఉండవచ్చు. ఆ నవ్వు ఆయనకు సాయంత్రానికి గుర్తుండదు. కుర్రవాడు మాత్రం మూడేళ్లూ చివరి బెంచీ దాటడు. "మీది ఏ ఊరు, ఎవరబ్బాయివి" అన్న ప్రశ్న వెనక కులం వెతుక్కునే మాస్టారు ఉన్నాడు. ఇష్టమైనవాళ్లకో లెక్క, కానివాళ్లకో లెక్కగా ఇంటర్నల్ మార్కులు వేసే మాస్టారు ఉన్నాడు. వ్యక్తిత్వ ప్రభావం అనగానే మనం పటం ముందు దీపం పెట్టే రకమే ఊహించుకుంటాం. ఇదీ ప్రభావమే. పైగా ఇది మొదటిదాని కన్నా తొందరగా పనిచేస్తుంది.

ఆకర్షణ ఎక్కువున్న మాస్టారితో ఇంకో చిక్కు ఉంది. ఆయన మాట తీరు, కళ్లజోడు సర్దుకునే తీరు, చివరికి ఆయన శత్రువులు కూడా శిష్యులకు సంక్రమిస్తాయి. తెలుగు శాఖల్లో ఇలాంటి ముఠాలు నేను చూశాను. గురువు రిటైరైనా, శిష్యులకు తలలు నెరిసినా, అవతలి గురువు శిష్యుడి పుస్తకం ఆవిష్కరణకు వెళ్లరు. వీళ్లు గురువుగారిని ప్రేమించారనడంలో సందేహం లేదు. ఆయన వల్ల ఏం తెలుసుకున్నారని అడిగితే మాత్రం, ఆయన గొప్పతనమే చెబుతారు.

ఇక ఇప్పటి పరిస్థితి. మన డిగ్రీ కాలేజీల్లో పాఠాలు ఎక్కువ భాగం కాంట్రాక్టు, గెస్ట్ లెక్చరర్ల మీద నడుస్తున్నాయి. గంటల లెక్కన డబ్బు తీసుకునే మనిషి గంట కొట్టగానే ఇంకో కాలేజీకి బస్సెక్కాలి. వరండాలో ఆగి మాట్లాడిన పది నిమిషాలకు బిల్లు రాదు. వచ్చే ఏడాది తనుంటాడో లేదో తెలియని మాస్టారిని, ఏదో ఒక విషయంలో గట్టిగా నిలబడే మనిషిగా విద్యార్థి చూసే వీలెక్కడ? ప్రిన్సిపాలుతో విభేదిస్తే రెన్యూవల్ ఉండదని అతనికి తెలుసు, ఆ సంగతి విద్యార్థులకూ తెలుసు. వాళ్లు రోజూ నేర్చుకునే పాఠం అది. జూనియర్ కాలేజీలో రెండేళ్లు పొద్దున్నుంచి రాత్రి దాకా స్టడీ అవర్లలో గడిపి వచ్చిన పిల్లలు, మాస్టారంటే మెటీరియల్ చెప్పే మనిషి అన్న అలవాటుతోనే డిగ్రీలో అడుగుపెడతారు. వాళ్లలో ఒకడికి బొమ్మలు వచ్చని ఎవరైనా కనిపెట్టేలోగా మూడేళ్లు అయిపోతాయి.

కాలేజీని మదింపు చేసే నాక్ బృందం వచ్చే ముందు విద్యార్థులతో నింపించే ఫారాలు మీకు తెలుసు. సిలబస్ పూర్తి చేశారా, సమయానికి వచ్చారా, గొంతు వినిపించిందా అని అడుగుతారు. అడగాల్సినవే. రాజమండ్రిలో ఆ ఫారాలు ఇచ్చి ఉంటే కూల్డ్రేకు ఎన్ని మార్కులు వచ్చేవో నాకు అనుమానమే. విద్యార్థి అడిగే ప్రశ్న చివరి రోజుల్లో ఆయన చెవికి సరిగా పడి ఉండదు. అజంతా ప్రయాణం ఏ కాలమ్‌లో రాయాలో ఆఫీసు సూపరింటెండెంటుకు తోచదు. నాయుడు గారికి పైనుంచి కింది దాకా ఫుల్ మార్కులే వచ్చేవి, ఒక్క చలం తప్ప. చలం ఆ ఫారం నింపేవాడు కాదు, వెనక్కు తిప్పి ఇంకేదో రాసి ఇచ్చేవాడు.

ఇక్కడి అధ్యాపకులకు ఒక విన్నపంతో ముగిస్తాను. ఈ కాలేజీలో స్టాఫ్ రూములు తిరిగి చూశాను. గెస్ట్ లెక్చరర్లకు విడిగా బల్ల లేదు, విద్యార్థి వస్తే కూర్చోబెట్టడానికి కుర్చీ లేదు. ఈ నిధి వడ్డీలో ఏటా ఈ ఉపన్యాసానికి ఖర్చుపెట్టే డబ్బు ఎంతో నాకు తెలుసు, నా ప్రయాణ ఖర్చులు కూడా అందులోవే. వచ్చే ఏడాది ఉపన్యాసకుణ్ని ఊళ్లోంచే పిలిచి, మిగిలిన డబ్బుతో ఆ గదిలో నాలుగు కుర్చీలు వేయించమని నిర్వాహకులను అడుగుతున్నాను.